వెళ్ళొస్తాను

నేను దర్జీని. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. అయినా మంగళవారం ఇస్తానన్న చొక్కా బుధవారం ఇచ్చిన పాపం నేనెరగను. మాట నిలుపుకోలేనివాడు నోరు తెరవకూడదు. ఆ నియమమే నా కొంప ముంచింది.

మా ఆవిడ తమ్ముడు గోడలకు బొమ్మలు వేస్తాడు. నగరంలో, మూతపడ్డ మిల్లును గదులుగా చీల్చి అద్దెకిచ్చిన పేటలో ఉంటాడు. కింద గదిలో డ్రమ్ములు, పక్క గదిలో బంకమట్టి, మెట్ల నిండా ఖాళీ రంగు డబ్బాలు. పది దాటినా పక్క దిగని జనం. "బావా, రెండు రోజులుండి పో" అని వాడు నాలుగుసార్లు ఫోన్ చేస్తే వెళ్ళాను.

మనిషి చిక్కి సగమయ్యాడు. ఏడాదిగా మా గడప తొక్కలేదేమని నిలదీశాను. ఎక్కడికెళ్ళినా పొద్దుగూకేలోపు ఈ గదికి వచ్చి తీరాలట. పని మీద శ్రద్ధ కాబోలనుకుని మెచ్చుకున్నాను కూడా.

లోపలి గోడ మీద, అటు తిరిగి నిలబడ్డ మనిషి బొమ్మ ఉంది. నిలువెత్తున. తాను వేసింది కాదన్నాడు. ఎన్నిసార్లు సున్నం కొట్టినా తేలుతోందట. ఆ చొక్కా భుజం మీద రెండు వరసల కుట్టు. అలా కుట్టేది నేనే. పోయినేడు వాడికి కుట్టిచ్చిన చొక్కా అది.

సాయంత్రం కరెంటు పోయింది. కింద డ్రమ్ములు మోగుతూనే ఉన్నాయి. టర్పెంటైన్ వాసన. దాని కింద తడి సున్నం వాసన. వాడు సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"వెళ్తాను బావా."

గడప దాటేవాడు అనే మాటేనా అది? పలక పట్టని ముసలమ్మకైనా తెలుసు. వెళ్ళొస్తాను అనాలిరా అని గద్దించాను.

"ఎలా అనాలి బావా? ఇంకోసారి చెప్పు..."

"వెళ్ళొస్తాను. ఏం, నోరు తిరగదా?"

డ్రమ్ములు ఆగాయి.

నా వీపు వెనక... ఎవరో గుసగుసగా అన్నారు.

"మంచిది. రా."

వాడు నా కాళ్ళ మీద పడ్డాడు. "ఒకప్పుడు నేనూ అలాగే అన్నాను... క్షమించు బావా." మెట్లు దిగి పరిగెత్తాడు. వెనక్కి చూడలేదు.

మెడ మీద చల్లటి ఊపిరి...

"మాట తప్పని మనిషివటగా... వాడు చెప్పాడు."

అగ్గిపుల్ల గీశాను. గోడ తెల్లగా ఉంది. బొమ్మ లేదు.

దొరికిన బస్సెక్కి ఇల్లు చేరాను. వాడి చిన్నప్పటి నిక్కర్లు కుట్టింది నేను. వాడి కొలతలన్నీ తెలుసనుకున్నాను. చివరికి వాడే నా కొలత తీశాడు.

మళ్ళీ ఆ గదికి పోకూడదని తొమ్మిది రోజులు గడప దాటలేదు. పదో రోజు పొద్దున మిషను మీద ఉండగా, మా ఆవిడ వాకిలి ఊడ్చి లోపలికొచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది.

"ఎప్పుడొచ్చారు? ఇప్పుడేగా నగరం బస్సుకని సందు మలుపు తిరిగారు" అంది. చీపురు ఇంకా చేతిలోనే ఉంది. "అడుగుదామనుకున్నా... ఎన్నడూ లేంది, వెళ్తాను అన్నారేంటి?"