తొట్టిలో మిగిలిన గొంతు

నారాయణఖేడ్ బస్టాండు ఎదురుగా ప్రేమదాసుది క్యాసెట్ల దుకాణం. తొంభై ఎనిమిదిలో పట్నం నుంచి పాత కంప్యూటరొకటి తెచ్చి, వెనక గది గోడలకు బొంతలు కొట్టి, మైకు పెట్టి యేసు పాటలు రికార్డు చేసేవాడు. లోపల పాడిన గొంతును ఒక ప్రోగ్రాం ఉరికురికి తెచ్చేది. దాన్ని స్పీకరుకూ క్యాసెట్టుకూ అందించే రెండోదానిది కుంటినడక. రెంటి నడుమ సర్దిచెప్పడానికి నల్లని తెర మీద ఒక కమాండు కొట్టేవాడు, బఫర్ అని. నీళ్ల తొట్టి అనుకోండి. ముందు పడింది ముందు బయటికొస్తుంది, కాకపోతే ఆలస్యంగా. కరెంటు మాటిమాటికీ పోయే ఊరాయె, అందుకే మిషను ఆగినా తొట్టిలోది చెదరకుండా డిస్కు మీదే కట్టాడు. పాడినవాళ్లు బయటికొచ్చి చాయ తాగుతుంటే అప్పుడు వినపడేది వాళ్ల పాట. జనం నవ్వి చచ్చేవాళ్లు.

ప్రేమదాసు చెల్లెలు ఆనందమ్మ మొగుడు కాలేబు. వాడి పాట మాత్రం బయటికి రానేలేదు. పాడి, అది వచ్చేదాకా ఆగకుండా, తాగిన మత్తులో పెళ్లాన్ని జుట్టు పట్టి రోడ్డు మీదికి ఈడ్చాడు. కంగ్టి నుంచి వస్తున్న లారీ ఆమెను తప్పించి వాణ్ణి తొక్కేసింది. ఆ గోలలో మిషను ఆపేశారు, పాట తొట్టిలోనే ఉండిపోయింది. పీడ పోయిందనుకున్నాడు ప్రేమదాసు, పైకి అనలేదు. తొట్టిని తుడిచేద్దామంటే కాలేబు తల్లి హన్నమ్మ అడ్డంపడింది. "నా కొడుకు గొంతన్న ఉండనీ బిడ్డా" అని ఏడ్చింది. ఉంచాడు, పిచ్చివాడు. ఆ తర్వాత రికార్డింగే పెట్టలేదు.

నెల తిరిగింది. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఆనందమ్మ వచ్చింది.

"అన్నా, నేను పాడుతనే. ఇన్నొద్దులు వాడు నన్ను నోరు తెరవనియ్యలే."

ప్రేమదాసుకు కళ్లు చెమర్చాయి. రోడ్డు చప్పుడు రాకుండా ఆమె లోపలి నుంచి గడియ పెట్టుకుంది. అతను కమాండు కొట్టాడు. గోడకున్న చిన్న అద్దపు కిటికీలోంచి ఆమె కళ్లు మూసుకుని పాడటం కనిపిస్తోంది.

స్పీకరులో ముందుగా కాలేబు గొంతు వచ్చింది. అది రావలసిందే, ముందు పడింది వాడిదే కదా. బొంతల ముక్కిన వాసనలోంచి పులిసిన కల్లు వాసన తేలింది. స్పీకరులో కాలేబు పాట ఆగిపోయింది.

ఆ తర్వాత తలుపు మీద దెబ్బలు... ధన్... ధన్... "ఆనందమ్మా!" అని ఒక మగగొంతు అరుపు. వెంటనే ఆడదాని కేక. ఎముక విరిగిన చప్పుడు.

ప్రేమదాసు స్పీకరు వైపు తిరిగాడు. ఆ రోజు కాలేబు కొట్టిన దెబ్బలే తొట్టిలో పడి ఉంటాయనుకున్నాడు. తొట్టి సంగతి తనకంటే ఎవరికి తెలుసు? చెల్లెలి పాట ఎందుకు చెడగొట్టాలని ఊరుకున్నాడు.

అద్దంలో ఆనందమ్మ తల వెనక్కి విరిగినట్టు వంగింది.

జుట్టు కొసలు గాలిలో బిగుసుకున్నాయి. వెనక ఎవరూ లేరు. నుదుటి మీద చర్మం చిట్లి నెత్తురు కారింది. ఆమెను కుర్చీతో సహా గోడకేసి కొట్టింది... ఏదో.

ప్రేమదాసు మూలనున్న గడ్డపార అందుకున్నాడు. ధన్... ధన్... "ఆనందమ్మా! గడియ తియ్యే!"

అరిచాక అతనికి తెలిసింది. ఇందాక స్పీకరులో వినపడిన దెబ్బలు ఇవే. ఆ మగగొంతు తనదే. ఇక మిగిలింది కేక... దాని తర్వాత ఎముక.

గుడ్డిగా బాదాడు. అరచేతులు చీలిపోయాయి. లోపల కేక లేచింది. తలుపు విరిగి పడింది, అప్పుడే ఎముకా విరిగింది. చెయ్యి, మెడ కాదు. మైకు తీగ మెడకు బిగుసుకుని ఉంది. తీగను పళ్లతో కొరికి తెంచి, నెత్తురోడుతున్న చెల్లెల్ని భుజాన వేసుకుని వానలో దవాఖానకు ఉరికాడు.

బతుకుతుందన్నారు. కుట్లు వేశారు, చేతికి పట్టీ కట్టారు. ఇనుప మంచం మీద ఆమె నిద్రలోకి జారాక ప్రేమదాసు దుకాణానికి తిరిగొచ్చాడు. ఈసారి హన్నమ్మ కాదు కదా ఎవరు ఏడ్చినా ఆగదలచుకోలేదు. తొట్టిని తుడిచేస్తేనే చెల్లెలికి నెమ్మది.

తెర వెలుగుతూనే ఉంది. మైకు తీగ రెండు ముక్కలై నేల మీద పడి ఉంది. తొట్టి మాత్రం నిండుతోంది. అతను తుడిచే కమాండు కోసం వేలు ఎత్తాడు.

స్పీకరులో ఇనుప మంచం కిర్రుమంది. ఆ వెనకే సన్నగా, నిద్రమత్తులో చెల్లెలి గొంతు.

"అన్నా... ఇగ నువ్వు పోయి పండుకో. ఎంతసేపు నా జుట్టు నిమురుతవ్..."