ఎనిమిదో దెబ్బ

"ఈ గడిలో ఏటి రాయాలండీ?"

వానలో తడిసిన గొడుగును తిన్నగా మా షాపు కౌంటర్ మీద పెట్టి, ఒక అమ్మాయి అప్లికేషన్ ఫారం నా ముందుకు తోసింది. గొడుగు నీళ్ళు మా బిల్లు పుస్తకం మీదకు పారుతున్నాయి. నేను గొడుగు వంక చూశాను. ఆ అమ్మాయి నా వంక చూసింది. గొడుగు మాత్రం అక్కడే ఉంది.

అది శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో మా తిరుమలరావు మావ సౌండ్ సిస్టమ్ షాపు. పెళ్ళిళ్ళకీ మీటింగులకీ మైకులు, స్పీకర్లు అద్దెకిస్తాం. నా పేరు ఎల్లాజీ, ఊరు పాతపట్నం. డిగ్రీ అయ్యాక మూడేళ్ళుగా మావ దగ్గరే సౌండ్ ఆపరేటర్‌ని.

ఆ ఫారం వచ్చే నెల విజయనగరంలో జరిగే బ్యాండ్ల పోటీది. సౌండ్ మాదే కాబట్టి ఫారాలు కూడా మా షాపులోనే తీసుకుంటున్నాం. అందులో 'జానర్' అని, అంటే ఏ రకం సంగీతమో రాయడానికి, ఒక గడి ఉంది. రాక్, పంక్, ప్రోగ్, ఫోక్. ఏదో ఒక్కదానికే టిక్ పెట్టాలి.

"మీరు వాయించేది ఏదైతే దానికి పెట్టండి."

"అది తెలీకే అడుగుతన్నాను. పంక్ అంటే ఏటి? ప్రోగ్ అంటే ఏటి?"

ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పడానికే పుట్టానని ఆ రోజుల్లో నా నమ్మకం. కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నాను.

"పంక్ అంటే రెండున్నర నిమిషాల పాట. గిటార్ మీద మూడే మూడు కార్డ్స్. కోపం, అరుపు. ప్రోగ్ అంటే పన్నెండు నిమిషాలు. తాళం వంకర్లు తిరుగుతుంది. వాయించేవాళ్ళకి లెక్కలు రావాలి."

"మా పాట మూడు నిమిషాలు. అరుస్తాం. కోపం ఉన్నాది. లెక్కా ఉన్నాది. ఇప్పుడు సెప్పండి."

"రెండూ ఒకేసారి కుదరవండీ."

"ఎవరికి కుదరవు? మాకా, మీ గడికా?"

వెనక వైర్లు చుట్టుకుంటున్న మావ కిసుక్కున నవ్వాడు. నాకు ఉక్రోషం వచ్చింది.

"ఇంతకీ కోపం దేని మీదో?"

"సాయంత్రం ఆరు నలభై బస్సు మీద. కాలేజీ కాడ సెయ్యెత్తితే ఆపడు. పాటంతా అదే."

ఈసారి నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఫారం మొదటి వరస చదివాను. బ్యాండ్ పేరు: కండె. ఊరు: పొందూరు. డ్రమ్స్: యమున.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఎందుకో చెప్పాలి. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే.

నాకు ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ ఉండేది. పేరు 'ప్రోగ్ పండితుడు'. ఎల్లాజీ అన్న పేరుతో రాస్తే ఎవరు చదువుతారని, ఆ పేరు వెనక దాక్కుని బ్యాండ్లకు మార్కులు వేసేవాణ్ణి. పన్నెండు వేలమంది చదివేవారు. ఆ ఏడాది మే నెలలో ఎవరో ఒక వీడియో పంపారు. ఏదో కాలేజీ ఫంక్షన్‌లో పొందూరు పిల్లల బ్యాండ్, ఇదే కండె. మొహాలు కూడా సరిగ్గా కనిపించని చీకటి వీడియో. ఒక్కసారి విని, టీ చల్లారేలోగా ఇలా రాసి పడేశాను:

"డ్రమ్మర్‌కు ఎనిమిది దాకా లెక్క రాదు. ప్రతిసారీ ఎనిమిదో దెబ్బ మింగేస్తోంది. పోనీ, పంక్ అనుకుందాం, అందులో వాయించడం రాకపోయినా చెల్లుతుంది. పొందూరు వాళ్ళు నేత చూసుకుంటే మంచిది."

నాలుగు వేల లైకులు వచ్చాయి. ఆ చివరి వాక్యానికే ఎక్కువమంది నవ్వారు. నేనూ నవ్వుకున్నాను.

ఆ డ్రమ్మర్ ఇప్పుడు తడిసిన జడ పిండుకుంటూ నా ఎదురుగా నిలబడి ఉంది.

"ఏటండీ, మూగబోయినారు?"

"ఏం లేదు. గడి ఖాళీగా వదిలెయ్యండి. తర్వాత చూద్దాం" అన్నాను.

*

మా షాపు వెనక గోడౌన్‌లో డ్రమ్ సెట్ ఉంది. వారానికి రెండు రోజులు వాళ్ళు ప్రాక్టీసుకి వచ్చేవారు. యమున, గిటార్ వాయించే ఆమె చిన్నాన్న కొడుకు గోపి, పాడే స్నేహితురాలు నీలవేణి. నేను మైకులు సర్దేవాణ్ణి. సర్దినవే మళ్ళీ సర్దేవాణ్ణి.

"ఆ మైకు నీకేటి పాపం సేసింది? పావుగంట నుంచీ దాని మెడ తిప్పుతన్నావు" అనేది యమున. 'మీరు' రెండో వారానికే 'నువ్వు' అయింది.

"సౌండ్ బాగా రావాలని."

"సౌండ్ నా డ్రమ్ములోంచి వస్తాది. నువ్వు నా మొహంకేసి సూస్తన్నావు."

గోపి గిటార్ తీగలు చూసుకుంటూ వినబడనట్టు నటించేవాడు. వాన పడితే గోడౌన్ రేకుల మీద ఆ చప్పుడుకు ప్రాక్టీసు ఆగిపోయేది. అందరం గుమ్మంలో నిలబడి వేడివేడి బజ్జీలు తినేవాళ్ళం. ఒకరోజు ఆఖరి బజ్జీ సగం తుంచి ఆమె నా చేతిలో పెట్టింది. పెద్ద సగం నాకిచ్చింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

అన్నీ బాగున్నాయి, పాట తప్ప. వీడియోలో తిట్టుకుంటూ విన్నప్పుడు కూడా ఆ పాట నన్ను లాగింది. ఇప్పుడు తాళం తూకం వేసినట్టు సమానంగా ఉంది, పాట చప్పబడిపోయింది.

ఒకరోజు ఉండబట్టలేక, "ఈ పాట ముందు కూడా ఇలాగే వాయించేవారా?" అని అడిగాను.

యమున కర్రలు పక్కన పెట్టింది. "ప్రోగ్ పండితుడని ఒకడున్నాడు. తెలుసేటి నీకు?"

"అప్పుడప్పుడు చూస్తాను" అన్నాను. అబద్ధం చాలా తేలిగ్గా వచ్చింది.

"ఆడు నాకు లెక్క రాదన్నాడు. తెలిసినోడు కాబోలు అనుకున్నాను. రెండు నెలలు కూకొని సరిసేసినాను. ఇప్పుడు ఎనిమిదికి ఎనిమిది సరిపోతాది." మళ్ళీ కర్రలు చేతిలోకి తీసుకుంది. "ఇంకో మాట కూడా రాసేడు. అది మా నాన్నకి సూపించలేదు."

నేను వంగి వైరు చుట్టాను. చుట్టిన వైరే విప్పి మళ్ళీ చుట్టాను.

*

పోటీకి పది రోజులుందనగా వర్షాలు ముదిరాయి. ఇంట్లో ప్రాక్టీసుకని ఒక చిన్న ఆంప్లిఫయర్ కావాలని యమున ఫోన్ చేసింది. మావ వేన్‌లో పెట్టుకుని నేనే పొందూరు వెళ్ళాను. ఆమె ఇంకా కాలేజీ నుంచి రాలేదు. ముందు గదిలో వాళ్ళ నాన్న కూర్మయ్య గారు మగ్గం మీద ఉన్నారు. పక్కన బుట్టలో నూలు చుట్టిన కండెలు, బ్యాండ్ పేరు అక్కడిదే.

"కూకో బాబూ. పాప వచ్చేస్తాది" అని, భార్య నారాయణమ్మ గారిని పిలిచి నాకు టీ ఇమ్మన్నారు. మళ్ళీ నేతలో పడ్డారు.

టక్ టక్. టక్ టక్. టక్ టక్ టక్.

టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

రెండు, రెండు, మూడు. ఏడు. ఎనిమిదో దెబ్బ కోసం చూశాను. రాలేదు. మళ్ళీ మొదటి నుంచి రెండు, రెండు, మూడు. వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఒక్కసారి కాదు, పదిసార్లు. పదిసార్లూ ఏడే.

"ఏటి బాబూ, లెక్కెడుతున్నావు?"

"మీరు కొట్టే దెబ్బలండీ."

ఆయన నవ్వారు. "మా అయ్య ఇలాగే కొట్టేవోడు, అదే నాకూ అలవాటు. ఆఖర్న మూడు కొడితే పోగు గట్టిగా కూకుంటాది. పాపని పక్కన ఉయ్యాల్లో ఏసి నేసేవోణ్ణి. ఇదే దానికి జోల. మొన్నటిదాకా డబ్బాల మీదా ఇదే వాయించేది. ఈమధ్య మానీసింది. ఏటయినాదో మరి."

ఏమైందో నాకు తెలుసు.

ఇదే ఏడు దెబ్బలు ఏ లండన్ కుర్రాళ్ళో కొట్టి ఉంటే, తలకిందులై రెండు పేజీలు పొగిడేవాణ్ణి. ప్రోగ్ అంటే ఇదీ అని పన్నెండు వేలమందికి పాఠం చెప్పేవాణ్ణి. వీడియో కింద 'పొందూరు' అని చూశాను కాబట్టి నా చెవికి అది తప్పుగా వినిపించింది. లెక్క రానిది నాకు. పండితుణ్ణట! ఆ టీ చల్లారిపోయింది.

*

మర్నాడు సాయంత్రం కాలేజీ దగ్గర బస్సు కోసం నిలబడిన యమున దగ్గరకు వెళ్ళాను. ముందు పిరికిగానే మొదలుపెట్టాను.

"పాట పాతదే బాగుంది యమునా. అలాగే వాయించు."

"నువ్వు బాగుందంటే ఏటి లాభం? తెలిసినోడు తప్పన్నాడు కదా."

ఇంక వేరే దారి లేదు. చెబితే ఈమె పోతుంది. చెప్పకపోతే పాట పోతుంది.

"ఆ తెలిసినవాడికి ఏమీ తెలీదు. ఆ పండితుణ్ణి నేనే."

నవ్వింది. నా మొహం చూసి నవ్వు ఆపేసింది.

"ఆ ఆఖరి మాట కూడా నువ్వే రాసేవా?"

"నేనే."

బస్సు వచ్చే వైపు తిరిగింది. తిట్టినా బాగుండేది.

"నిన్న మా నాన్న నీకు టీ ఇచ్చాడు" అంది.

తల దించుకున్నాను. చెప్పులు బురదలో కూరుకుపోయి ఉన్నాయి, వాటినే చూస్తున్నాను.

"క్షమించమని అడగడానికి కూడా నాకు..."

"నాకొద్దు ఎల్లాజీ. ఆ మాట మా నాన్నకి నువ్వే సదివి ఇనిపించు. నీ నోటితో."

బస్సు వచ్చింది. ఆమె చెయ్యెత్తింది. ఏడాది పొడుగునా ఆగని ఆరు నలభై బస్సు, ఆ రోజే ఠక్కున ఆగింది. ఎక్కి వెళ్ళిపోయింది.

ఆదివారం పొందూరు వెళ్ళాను. కూర్మయ్య గారి ముందు నిలబడి ఫోన్ తీసి, నా రాత నేనే చదివాను. రాసేటప్పుడు ఒక్క నిమిషం పట్టిన నాలుగు వాక్యాలు చదవడానికి ఐదు నిమిషాలు పట్టాయి. 'పొందూరు వాళ్ళు' దగ్గర ఆగిపోయాను. లోపలి గుమ్మంలో యమున గాజుల చప్పుడు వినిపించింది. మళ్ళీ అందుకుని, పూర్తి చేశాను.

మగ్గం ఆగింది. ఆయన పోగు సరిచేశారు.

"నేతే సూసుకుంటన్నాం కద బాబూ. అందులోంచే కద ఆ వాయింపు వచ్చినాది" అన్నారు. తర్వాత లోపలికి తిరిగి, "ఒసే, అబ్బాయికి టీ ఎట్టు" అన్నారు.

ఆయన కోప్పడి ఉంటే తలెత్తగలిగేవాణ్ణి. ఆ టీ తాగి, దండం పెట్టి బయటపడ్డాను. గుమ్మంలో యమున లేదు.

అదే రోజు పేజీలో నా ఫోటో, నా పేరు పెట్టి రాశాను. "నేను ఎల్లాజీని, పాతపట్నం. కండె బ్యాండ్ డ్రమ్మర్‌కు లెక్క వచ్చు. అది ఏడు. తప్పు విన్నది నేను. నేత గురించి రాసిన మాటకు సిగ్గుపడుతున్నాను." సాయంత్రానికి మూడు వేలమంది పేజీ వదిలిపోయారు. ఇంకో వెయ్యిమంది నన్ను తిట్టడానికి వచ్చారు. యమున నుంచి ఒక్క ముక్క రాలేదు. గోడౌన్‌కు ప్రాక్టీసుకీ రాలేదు.

*

విజయనగరంలో పోటీ మధ్యాహ్నం మొదలైంది. సౌండ్ మిక్సర్ ముందు నేను, వెనక మావ. ఆరో బ్యాండ్ కండె. ముందు వరసలో కూర్మయ్య గారు తను నేసిన పంచె కట్టుకుని కూర్చున్నారు.

యమున నా వైపు చూడలేదు. కర్రలు ఎత్తింది. ఎనిమిదా, ఏడా? డ్రమ్ము మైకు మీట మీద వేలు పెట్టాను.

టక్ టక్. టక్ టక్. టక్ టక్ టక్.

హాల్లో కుర్రాళ్ళు అలవాటుగా చప్పట్లు కొట్టబోయి తప్పారు. మళ్ళీ కొట్టి మళ్ళీ తప్పారు. నీలవేణి బస్సు మీద అరవడం మొదలుపెట్టింది. రెండో చరణానికి హాలంతా తాళం దొరకబుచ్చుకుంది. కూర్మయ్య గారి కుడి పాదం దానంతటదే ఆడుతోంది. నాకు కళ్ళు మసకబారి మిక్సర్ మీద మీటలు కనిపించలేదు. మావ నన్ను పక్కకు జరిపి తనే చూసుకున్నాడు.

ప్రైజు రాలేదు. ఏ విభాగంలో వెయ్యాలో జడ్జిలకు తేలలేదట. ఫారంలో జానర్ గడి ఖాళీగానే ఉంది మరి.

నేను వైర్లు చుడుతుంటే ఎదురుగా ఆమె వచ్చి నిలబడింది. వెనక నాలుగడుగుల దూరంలో వాళ్ళ నాన్న.

"నా మూలంగా ప్రైజు కూడా పోయింది. గడి ఖాళీగా వదలమన్నది నేనే" అన్నాను తలెత్తకుండా.

"ఏడు రోడ్ల కూడలిలో కూకొని ఏడు లెక్కెట్టలేకపోయావు. నువ్వేటి పండితుడివి?"

"కాను."

"కోపం పోలేదు. సెప్తన్నాను."

"పోనక్కర్లేదు."

కూర్మయ్య గారు దగ్గరకు వచ్చారు. "బాబూ, పాప సెప్పింది. ముందు ఆ ఏడు నేర్చుకోనీ నాన్నా, మా సంగతి తరవాత సూద్దాం అన్నాది. ఏదీ, ఓసారి కొట్టి సూపించు."

ఆయన ఎదుట, మావ ఎదుట, చెక్కపెట్టె మీద అరచెయ్యి పెట్టాను. టక్ టక్. టక్ టక్. టక్ టక్ టక్. ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది, ఎనిమిదో దెబ్బకు చెయ్యి మళ్ళీ లేచింది.

ఆ చెయ్యిని యమున గాల్లోనే పట్టుకుంది. కూర్మయ్య గారు మావతో ఏదో మాట కలిపి అటు తిరిగారు. ఆమె మాత్రం చెయ్యి వదల్లేదు.