కరిచిన డ్రమ్ము

సిద్దిపేట. రెండో ప్రపంచ యుద్ధకాలం. మండే ఎండాకాలం.

భూపతి దొర కోటలాంటి గడీ వెనక మోటారు షెడ్డు ఇంకా పొగలు కక్కుతోంది. లోపల డ్రైవర్ మైసయ్య శవం. కుడి చెయ్యి ఇనుప డ్రమ్ము వైపు చాచి ఉంది.

"కాల్చింది ఇదే!" దొర దుర్గవ్వను చూపించాడు. "వెట్టి చెయ్యనని ఎదురు తిరిగింది. కిటికీల నుంచి కొరివి విసిరింది. రాసుకో, అమీన్!"

పోలీసు అమీన్ సామ్యూల్ రాసుకోలేదు.

దుర్గవ్వ గడీకి నీళ్లు మోసే మనిషి. చెంప వాచి ఉంది. తల మాత్రం వంచలేదు.

"మంట లేచినప్పుడు ఎక్కడున్నావ్?"

"కిటికీ అవుతల. చెంబుతోని నీళ్లు పోస్తున్న."

"దేని మీద?"

"గా మైనపు గుడ్డ మీద. దొర కొత్తగ కిటికీ నుంచి డ్రమ్ము దాక వాలుగ కట్టించిండు. దాని మీదికెల్లి నీళ్లు లోపలి డ్రమ్ముల పడ్తయి. మైసయ్య వాటితోనే మోటరు కడుగుతడు."

"మరి కొరివి?"

"నా చేతుల చెంబే ఉండె. చంపినా గదే చెప్త."

"మైసయ్య ఏమన్నా చెప్పాడా?"

"మొన్న చెప్పిండు. డ్రమ్ము ముడితే కరుస్తుందట. అందరు నవ్విన్రు. దొర గూడ."

సామ్యూల్ నవ్వలేదు. కిటికీ దగ్గరికి వెళ్లాడు. మైనపు గుడ్డ లోపలి కొస బూడిదైంది. కిటికీ దగ్గర మాత్రం మైనం కరగనే లేదు. డ్రమ్ము కింద రబ్బరు టైరు సగం కాలి ఉంది.

"షెడ్డులో పెట్రోలు ఉందా, దొరా?"

"చుక్క లేదు. రేషనని తెల్వదా? నేనొక్క మాట చెప్తే నీ నౌకరి పోతది."

"పోనివ్వండి," అన్నాడు సామ్యూల్.

మర్నాడు అందరినీ గడీ వాకిట్లోకి పిలిచాడు. మైసయ్య భార్య ఐలవ్వ వచ్చింది. పనివాళ్లూ వచ్చారు. పొడి టైరు మీద ఇంకో డ్రమ్ము. పైన వాలుగా కట్టిన మిగిలిన మైనపు గుడ్డ. దుర్గవ్వ కొద్దికొద్దిగా నీళ్లు పోసింది. గుడ్డ తడవలేదు. నీళ్లు పూసల్లా దొర్లి డ్రమ్ములో పడ్డాయి.

"మైనానికి నీళ్లు అంటవు," అన్నాడు సామ్యూల్. "అంటకుండా జారిపోయే చుక్కకు కరెంటు ఎక్కుతుంది. ఒక్కో చుక్కకు రవ్వంతే. కింద రబ్బరు ఉంది కాబట్టి అది భూమిలోకి దిగదు. డ్రమ్ములోనే పోగవుతుంది. ముట్టుకోండి, దొరా."

దొర కదలలేదు.

"నేను ముడుత."

దుర్గవ్వ వేలు చాచింది. టప్! నీలి నిప్పురవ్వ ఎగిరింది. ఆమె చెయ్యి వెనక్కి తీయలేదు.

"మైసయ్య చేసిందీ ఇదే. కానీ ఉత్త రవ్వ మనిషిని చంపదు. పక్కన మూత తీసిన పెట్రోలు ఉండాలి. కొరివి పడితే ముందు కిటికీ దగ్గరి మైనం కరిగేది. కరగలేదు. అంటే మంట లోపలే పుట్టింది. బూడిద కింద పగిలిన టిన్నులు దొరికాయి. గోడ వెనక పాతిపెట్టిన నిండు టిన్నులూ దొరికాయి. దొంగ పెట్రోలు బయటపడుతుందని దుర్గవ్వ మీద నేరం మోపారు."

దొర చేతులకు బేడీలు పడ్డాయి.

ఐలవ్వ అతని ఎదుట నిలబడింది. "నా మొగడు గంత చెప్పినా గా డ్రమ్ము దగ్గర్నే పెట్రోలు పెట్టించినవు. నా ముఖం చూసి మాట్లాడు."

దొర ముఖం తిప్పుకున్నాడు.

దుర్గవ్వ చెంబు నేల మీద పెట్టింది.

"రేపటి సంది మీ నీళ్లు మీరే తోడుకోన్రి," అని, పనివాళ్లను రానివ్వని గడీ పెద్ద దర్వాజ నుంచే బయటికి నడిచింది.

పనివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ ఆమె వెంట నడిచారు.