సీలు విప్పని చోడి బొమ్మ

పొగమంచు! మధ్యాహ్నం మూడింటికే రెండడుగుల అవతల ఏమీ కనబడటం లేదు.

కనక పరుగు ఆపలేదు. కాఫీ కొమ్మలు మొహాన్ని గీరుతున్నాయి. చేతిలో బాటిల్... సీలు విప్పనిది. పైన చోడి కంకి బొమ్మ, రాగుల కంకి.

వెనకే బూట్ల చప్పుడు!

బాలాజీ. సంత దగ్గర మందుల షాపు ఓనరు. చోళ్ల సారం, ఎముకలకు బలమని వేసవిలో ఈ మాత్రలు ఊరందరికీ కనక చేతే పంచిపెట్టించాడు. ముసలాళ్ల మీద ఎంత ప్రేమో!

ఆశా వర్కరు ఇస్తే ఎవరు కాదంటారు?

ఆసుపత్రి కాల్షియం మాత్రలు మాన్పించి అమ్మకూ ఇవే ఇచ్చింది కనక. నాలుగు నెలలకు అమ్మ గుమ్మంలో జారింది. తుంటి విరిగింది. మళ్లీ లేవలేదు.

మిగిలిన మాత్రలు ల్యాబ్‌కు పంపితే తెలిసింది. కాల్షియం లేదు. విటమిన్ డి లేదు. ఉత్త పిండి.

విప్పిన బాటిల్ కేసుకు చాలదన్నాడు మందుల ఇన్‌స్పెక్టర్. అందుకే ఇవాళ బాలాజీ గోడౌన్లో దూరింది.

అమ్మ పోయాక కనక ఎవరి గడపా తొక్కలేదు. ఏ మొహంతో వెళ్తుంది? ఒక్క కంచం, ఒక్క గ్లాసు. మాట్లాడే దిక్కు లేదు.

లోయ అంచు! కాళ్లు ఆగిపోయాయి.

భుజం మీద చెయ్యి పడింది.

"ఏటి సేత్తన్నావు కనకా? దొంగతనమా?"

"మా అమ్మ సచ్చిపోనాది."

"ముసిల్ది. పోద్ది."

బాటిల్ లాక్కుని లోయలోకి విసిరేశాడు. చప్పుడు కూడా రాలేదు.

"గోడౌన్లోవి ఇప్పుడే కాల్చేత్తాను. ఊళ్లోవి ఎప్పుడో మింగేసుంటారు. ఇంకేటి సూపిత్తావు?"

అతను వెళ్లిపోయాడు. కనక ఒక్కతే ఊరి దారి పట్టింది.

ఊరి పెద్దావిడ సోములమ్మ తన అరుగు మీద చోళ్లు చెరుగుతోంది. కనక ఆమె ముందు కూలబడింది.

"అత్తా... నేనిచ్చిన మాత్రలు దొంగ మాత్రలు. తప్పు నాదే."

సోములమ్మ చేట పక్కన పెట్టింది. కనకను దేవత గదిలోకి తీసుకెళ్లి బుట్ట మూత తీసింది.

బాటిళ్లు! బుట్ట నిండా... సీళ్లతో!

"చోళ్ల బలమని నువ్వే సెప్పావు కదే గుంటా. చోడి కొత్త పండగ అవకుండా, కొత్త చోళ్లు దేవతకి పెట్టకుండా ఎలా తింతాం? ఊరందరివీ ఇక్కడే దాసినాం."

బాలాజీ దొరికిపోయాడు! నెలల తర్వాత కనక నవ్వింది.

నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఎవరూ తినలేదా అత్తా?"

సోములమ్మ తల తిప్పుకుంది.

"మీ అమ్మకీ సెప్పినాం, పండగ దాకా ఆగమని. 'మా గుంట ఇచ్చింది, ఆగను' అంది."