మేజా కింది జాలీ

1942 మే. గద్వాల బజారులో వెంకట్రాములు కందుల కొట్టు. పైకి కందుల వ్యాపారి, లోపల మిలిటరీ ఇంటెలిజెన్స్‌కు ఈ ప్రాంతపు చీఫ్.

"కందులు ఎండినయా?" అన్నాడు.

"జర తేమున్నది," అంది రేణుకమ్మ. కోడ్ సరిపోయింది.

"ఇను చెల్లే. రేపు నాలుగింటికి వనపర్తి బంగళాల ఆఫీసర్ల మీటింగ్. మందుగుండు స్పెషల్ రైలు కృష్ణ బ్రిడ్జి ఎప్పుడు దాటేది గాడనే చెప్తరు. ఆ టైము జర్మనోళ్లకు పోతే బ్రిడ్జి ఉండదు, బండి ఉండదు."

"బండి గార్డు ఎవరు?"

"మీ తమ్ముడు హన్మంతే."

రేణుకమ్మ కొంగు నడుముకు దోపింది. "నా పనేంది?"

"నీకు వట్టివేళ్ల తడికెలకు నీళ్లు చల్లే పనిమనిషి వేషం. లోపల మన సరోజ ఉన్నది. కూలింగ్ ప్లాంటు పెట్టిన స్విస్ ఇంజినీరు కెల్లర్‌కు స్టెనో. మిషను, గొట్టాలు, జాలీలు అన్నీ చూసిందట. మేజా కింది జాలీ ముందు దారం పట్టుకుంటే గాలి గుంజిందట. ఆల్ క్లియర్ అని రిపోర్టు."

మర్నాడు మధ్యాహ్నం బకెట్‌తో హాల్లోకి వెళ్లిన రేణుకమ్మకు మొదట కనిపించింది కెల్లర్ మెడ. తెల్ల సూటులో ఆ మెడ చెమటతో మెరుస్తోంది. తాను చల్లబరిచిన గదిలో తానే ఉడుకుతున్న ఇంజినీరు! పక్కన సరోజ. పట్టుచీర, బొంబాయి సెంటు, వేళ్ల మధ్య సిగరెట్.

"ఏయ్ తడికెలమ్మా! నీ వట్టివేళ్లు ఇక వరండాకే. లోపలికి సైన్సొచ్చింది."

"సైన్సుకు గిట్ల చెమటలు పడ్తయా అమ్మా?"

సరోజ నవ్వింది. "నీకేం తెల్సు? పై జాలీలోంచి చల్లగాలి వస్తుంది. మేజా కింది జాలీ గదిలో వేడిగాలిని మళ్లీ మిషనుకు లాక్కుంటుంది."

రేణుకమ్మ ఆ జాలీ వంక చూసింది. వేడిగాలి పైకి చేరుతుందని వంటింట్లో ఒక్కపూట నిలబడిన వాళ్లెవరికైనా తెలుసు. అందుకే ఇక్కడి మిద్దెల్లో పొగ పోయే గవాచి కప్పుకే పెడతారు. ఈయనగారు మోకాలెత్తున, ఆఫీసర్లు కూర్చునే కుర్చీల మధ్య పెట్టాడు. ఇంత తెలివితక్కువ మనిషికి జీతమిచ్చే దేశం యుద్ధమెట్లా గెలుస్తుందో!

ఇద్దరూ వెళ్లాక ఊదుబత్తి వెలిగించి జాలీకి ఆనించింది. పొగ నిటారుగా లేచింది. లోపలికి పోగు కూడా వంగలేదు. అంటే ఆ జాలీ వెనక గాలి లేదు, చెవి ఉంది. దారం కదిలిందని చెప్పిన సరోజ రెండు చోట్లా జీతం తింటోంది.

వెంకట్రాములు గేటు దగ్గర మనుషులతో ఉన్నాడు. రేణుకమ్మ వరండాలోకి అడుగుపెట్టేలోపే ఆఫీసర్లు లోపలికి వచ్చేశారు. బకెట్ పట్టుకున్న పనిమనిషిని ఎవరూ లెక్కచేయలేదు; సెంట్రీ తలుపు మూశాడు. బ్రిగేడియర్ మ్యాపు పరిచాడు.

"జెంటిల్మెన్, స్పెషల్ బ్రిడ్జి దాటే టైము..."

రేణుకమ్మ మేజా కిందికి వంగి, బకెట్ నీళ్లన్నీ జాలీలోకి కుమ్మరించింది.

ఫట్‌మంది. నిప్పురవ్వలు రాలాయి. వెనక మిషన్ గదిలోంచి మగగొంతు కేక, ఆ వెంటనే ఆడగొంతు తిట్టు.

"వాట్ ది డెవిల్!" బ్రిగేడియర్ లేచాడు.

"టైము చెప్పకుండ్రి దొరా. ఆ కేకేసినోళ్లను పట్టుకోండ్రి."

కేక విని వెంకట్రాములు మనుషులు మిషన్ గది తలుపు విరగ్గొట్టారు. చెవులకు హెడ్‌ఫోన్లతో కెల్లర్ నేల మీద, వైర్‌లెస్ మీట మీంచి చెయ్యి తియ్యడం మరిచిన సరోజ కుర్చీలో.

"పనిమనిషి!" అంది సరోజ పళ్లు కొరుకుతూ. "నీళ్లు మోసే పనిమనిషి!"

"నువ్వు మోసిన మాటలు గంత కన్న పెద్దయేం గావులే బిడ్డా," అంది రేణుకమ్మ.

తెల్లారేసరికి హన్మంతు పచ్చజెండా ఊపుతూ బ్రిడ్జి దాటాడు. గద్వాల కొట్టులో వెంకట్రాములు కాగితం ముందు పెట్టుకున్నాడు.

"హెడ్‌క్వార్టర్స్‌కు రిపోర్టు ఏం రాయమంటవ్ చెల్లే?"

"ఈసారి పంపేటప్పుడు," అంది రేణుకమ్మ, "జర వంట జేసుడు తెల్సినోన్ని పంపమని జర్మనోళ్లకు రాయమను."