మందుగుండు గదిలో రెండో చప్పుడు

అన్యాయం జరిగింది రాళ్లు కొట్టే ఒక ఆడమనిషికి. పద్దెనిమిదేళ్ల కిందట, జూలై పంతొమ్మిదో తారీఖున. ఆ రాత్రి తొమ్మిది నలభైకి ఆమె చచ్చిపోయిందని ఒక కాగితం చెబుతోంది. కాగితానికేం, రాసిన చెయ్యి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది.

ఆ కొండమీద క్వారీ మూతపడి పదిహేనేళ్లయింది. గుంటల నిండా నీళ్లు, రాళ్ల సందుల్లో పొదలు. మందుగుండు గది మాత్రం చెక్కు చెదరలేదు. మూరన్నర మందాన రాతిగోడలు, ఇనుప తలుపు, బయట గడియ. లోపల గొంతు చించుకుని అరిచినా బయటికి రాదు. తలుపు మీద పడిన దెబ్బ మాత్రం వస్తుంది.

అందుకే ఆ గదికి చెడ్డపేరు. కట్టెలకెళ్లేవాళ్లు వెలుతురుండగానే కొండ దిగిపోతారు. చీకటిపడితే లోపలి నుంచి కొడతారట — టక్... టక్... మనిషి నిలబడి కొట్టే ఎత్తులో కాదు. కూలబడి కొట్టే ఎత్తులో.

ఆరోజు బండలు పగలగొట్టే తూటా ముందే పేలింది. ఆరుగుర్ని బండల కింద నుంచి గునపాలతో లాగారు. ఒకడికి తల లేదు. ఇంకొకడి చెయ్యి మర్నాడు దొరికింది. ఈమెకి మాత్రం పైకి దెబ్బే కనపడలేదు. ఒళ్లంతా రాతిపొడి, చెవుల్లోంచి నెత్తురు, అంతే.

చూడ్డానికొచ్చిన డాక్టరు అప్పుడే చదువు ముగించిన పిల్ల. నలభై గంటలుగా కన్ను మూయలేదు. టార్చి వెలుగులో ఒక్కొక్క మణికట్టు పట్టుకుంది. నిండా ఒక నిమిషం చూడాలి. పది సెకన్లు చూసింది. ఆరుగురికీ ఒకే టైము రాసి, ఆరు సంతకాలు గీకింది.

శవాల్ని మందుగుండు గదిలో పడుకోబెట్టి గడియ పెట్టారు.

అర్ధరాత్రి తలుపు చప్పుడైంది. కాపలావాడు విన్నాడు. మగాడే, మీసం కూడా ఉంది. గడియ తీయాల్సింది పోయి, తలుపుకి అడ్డంగా బండరాయి దొర్లించి పారిపోయాడు.

తెల్లారి చూస్తే ఐదుగురు పడుకోబెట్టినట్టే ఉన్నారు. ఆరో మనిషి తలుపుకి ఆనుకుని కూర్చుని ఉంది. వేళ్ల చివర గోళ్లు లేవు. తలుపు తుప్పులో ఇరుక్కుని ఉన్నాయి.

క్వారీ మేనేజరు ఆ డాక్టరు పిల్లని పక్కకి పిలిచాడు. "సంతకం మీది, తలుపు మాది. ఇద్దరం నోరు మూసుకుంటే ఇద్దరికీ మంచిది" అన్నాడు. ఆ పిల్ల నోరు మూసుకుంది. కాగితం మార్చలేదు.

*

ఆ పిల్ల ఇప్పుడు పెద్దాసుపత్రిలో క్యాజువాలిటీకి హెడ్డు. ఇన్నేళ్లలో తలుపు మూసిన గదిలో ఒక్క రాత్రి నిద్రపోలేదు. మొగుడు తలుపేస్తే లేచి తీస్తుంది. అడిగితే, "ఉక్క" అంటుంది.

మొన్నామధ్య నైట్ డ్యూటీలో ఒక జూనియరు కుర్రాడు పేషెంటు నాడి పది సెకన్లు చూసి వదిలేశాడు. స్టీలు ట్రే తీసుకుని మొహం మీద కొట్టింది. కనుబొమ మీద మూడు కుట్లు పడ్డాయి. ఆ కుట్లూ తనే వేసింది, చెయ్యి వణక్కుండా.

సూపరింటెండెంటు పిలిచాడు. "మీరు అలిసిపోయారమ్మా. అడవిలో నడిపించి డాక్టర్లని బాగుచేస్తున్నారట, ఐదు రోజులు వెళ్లి రండి. బాగయ్యారని వాళ్లు కాగితమిస్తేనే మళ్లీ డ్యూటీ."

కాగితం! బతుకంతా కాగితాలే.

ఆవిడకి కావాల్సిందొక్కటే. ఐదు రోజులు నోరు జారకుండా నడిచి, ఆ కాగితం పట్టుకుని మళ్లీ తన క్యాజువాలిటీలో పడాలి. నోరు జారిందా — ఉద్యోగం, పేరు, పద్దెనిమిదేళ్లుగా పెట్టిన ప్రతి సంతకం, అన్నీ ఒక్క దెబ్బతో కూలిపోతాయి.

వ్యాను ఆగేదాకా అది ఏ కొండో తెలీదు. దిగి తలెత్తితే క్వారీ సైరన్ స్తంభం. ఒక కాలు మళ్లీ వ్యాను మెట్టు మీదికి వెళ్లింది.

"ఇదేంటమ్మా, జెండా కర్రా?" అన్నాడు వెనక దిగిన ఎముకల డాక్టరు.

"సైరనుండేదన్నా. తెల్లారుజామున నాలుగింటి షిఫ్టుకి కూసేది. క్వారీ మూసేశాక పాతినుము వాడు విప్పుకుపోయాడు" అంది గైడు.

గైడు ముప్పై ఏళ్ల ఆడది. సన్నగా, కరుగ్గా ఉంటుంది, నవ్వదు. ఆమె నియమాలు రెండే. గడియారాలు, ఫోన్లు రేకుపెట్టెలో పెట్టి తాళమేయాలి. కొండ దిగేదాకా ఎవర్నీ డాక్టరని పిలవకూడదు — అంతా అక్కలూ అన్నలే.

వచ్చిన డాక్టర్లు నలుగురు. మూడు రోజులు నోరెత్తకుండా నడిచారు. సాయంత్రాలు మాత్రం ఒక్కో చెట్టునీ హత్తుకుని బాధ చెప్పుకోమనేది గైడు.

"మా పేషెంట్లూ ఇలాగే కదలకుండా వింటారు" అన్నాడు ఎముకల డాక్టరు, "బిల్లు చూసేదాకా."

పిల్లల డాక్టరమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. మత్తు డాక్టరు చెట్టుకానుకుని నిద్రపోయాడు. ఇతరుల్ని నిద్రపుచ్చే మనిషికి ఏడాదిగా అదే మొదటి నిద్రట.

మన ఆవిడ చెట్టుని పట్టుకుని నిలబడింది. చెట్టుకి కూడా చెప్పలేదు.

*

నాలుగో రోజు సూర్యోదయం చూపిస్తానని గైడు అందర్నీ మూడింటికే లేపింది. ఏ తారీఖో ఎవరికీ పట్టలేదు — ఫోన్లు లేవుగా. గైడుకి మాత్రం తెలుసు. ఏటా ఇదే వారానికి వచ్చే జట్టుని అడిగి మరీ తీసుకుంటుంది.

టార్చి ఒక్కటే, ఆమె చేతిలో. పొదల మధ్య సన్నటి దారి. మలుపు తిరగ్గానే వెలుగు ఇనుప తలుపు మీద పడింది.

"కాసేపు ఆగండి" అని గుసగుసగా అంది. "ఇక్కడ ఒక సంగతి జరిగింది..."

చెప్పింది. తూటా, బండలు, ఆరు శవాలు, తలుపు చప్పుడు. ఎలా చెప్పాలో అలా చెప్పింది — మాటకీ మాటకీ మధ్య చీకటిని కూర్చోబెట్టి. పిల్లల డాక్టరమ్మ ఎముకల డాక్టరు చొక్కా పట్టుకుంది.

"ఆరుగురూ రాత్రి తొమ్మిదింటికి పోయారని రాసిందట ఆ డాక్టరు."

"తొమ్మిది నలభై."

చీకట్లో ఎవరన్నారో ముందు ఎవరికీ అర్థం కాలేదు. అన్నావిడకీ అర్థం కాలేదు. చనిపోయిన టైము ఎవరైనా తప్పు చెబితే డాక్టరు నోరు ఊరుకోదు. నిద్రలో లేపి అడిగినా దిద్దుతుంది. రోజుకి నాలుగుసార్లు జూనియర్లని దిద్దే నోరు, ఆ అలవాటున దిద్దేసింది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాళ్లుంటారు. ఈవిడ ఇంకో మెట్టు ఎక్కి, పోయిన కాయ తూకం కూడా చెప్పింది.

"అక్కడున్నట్టే చెబుతున్నారే!" అని ఎముకల డాక్టరు నవ్వబోయాడు.

గైడు నవ్వలేదు. ఆవిడ వైపు చూడనైనా లేదు. "అవునక్కా. నలభయ్యే" అంది మెల్లిగా. "పదండి."

వరుసగా కదిలారు. గైడు టార్చి ఎముకల డాక్టరుకిచ్చి ముందు నడవమంది, తను వెనక్కొచ్చింది.

చివరగా నడుస్తున్న ఆవిడ జుట్టు వెనకనుంచి గైడు పిడికిట్లోకి వచ్చింది.

"డాక్టరమ్మా..."

నాలుగు రోజుల్లో ఆ పిలుపు మొదటిసారి.

"టార్చి వెనక మొహం కనపడలేదు, కాగితం మీద గీతలే గానీ పేరు లేదు. ఎనిమిదేళ్లుగా ప్రతి జట్టుకీ తొమ్మిదనే చెబుతున్నా. ఎవరో ఒకరు దిద్దుతారని."

ఆవిడ అరవబోయింది. నోటికి అడ్డంగా పడిన అరచేతిని కొరికింది. నెత్తురు ఉప్పగా నాలుకకి తగిలింది. గైడు చెయ్యి తీయలేదు. ఆవిడ తలని తలుపు చట్రానికేసి కొట్టింది. ఒకసారి. మళ్లీ ఒకసారి. కళ్ల ముందు తెల్లగా మెరిసింది.

"మా అమ్మ. పది సెకన్లు. పక్కనే నిలబడి చూశా."

మోచేత్తో గడియ జరిపి తలుపు నెట్టింది. డొక్కలో తన్ను. లోపల నేలకి మోకాళ్లు కొట్టుకున్నాయి. గడియ పడింది.

*

ఆ తర్వాత బయట జరిగింది పిల్లల డాక్టరమ్మ చెప్పిన మాట.

నలభై అడుగులు పోయేసరికి వెనక నుంచి చప్పుడొచ్చింది. దబ... దబ... దబ...

"తలుపు!" అంది ఈమె. "ఎవరో ఉన్నారు. తీద్దాం."

"కథ విన్నాక అలాగే వినిపిస్తుందండీ. మెదడు చేసే పని" అన్నాడు ఎముకల డాక్టరు. ఆ మాటంటూంటే అతని పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఇనుము కదా... రాత్రిపూట చల్లబడి చప్పుడవుతుంది" అన్నాడు మత్తు డాక్టరు.

గైడు చెంగుతో చెయ్యి చుట్టుకుంటూ వచ్చింది. "ఆ తలుపు తీసినవాళ్లు బతకలేదన్నా."

"ఆవిడేరీ?" అంది పిల్లల డాక్టరమ్మ.

"అడ్డదారిన ముందుకెళ్లింది."

అంత చదువూ చదివినవాళ్లు ముగ్గురు. ఒక్కరూ వెనక్కి తిరగలేదు. కాపలావాడికి మీసమే ఉంది, వీళ్లకి డిగ్రీలున్నాయి. తేడా అంతే.

*

లోపల ఆవిడ కొడుతూనే ఉంది. ముందు అరచేతులతో. అవి వాచాక పిడికిళ్లతో. కణుపుల మీద తోలు ఊడింది. తలుపు తడిసి, చెయ్యి జారడం మొదలైంది. అరిచిన అరుపు గోడలకి తగిలి తన నోట్లోకే తిరిగొచ్చింది.

అలసి ఆగింది.

టక్...

తను కొట్టలేదు.

టక్... టక్...

ఇదే తలుపు మీద. తన నడుము కింద ఎత్తులో.

ఆవిడ ఊపిరి బిగబట్టింది. తన మడమకి ఆనుకుని ఎవరో కూర్చుని ఉన్నారు. రాతిపొడి వాసన. చీకట్లో ఒక చెయ్యి తన కాలు మీంచి పైకి పాకి, కుడి మణికట్టు పట్టుకుంది. వేళ్ల చివర మెత్తగా, తడిగా ఉంది — గోళ్లుండాల్సిన చోట.

పద్దెనిమిదేళ్ల అలవాటు చెడ్డది. ఎడంచేతి మూడు వేళ్లు వాటంతటవే ఆ చేతి నాడి మీదికి వెళ్లాయి.

కొట్టుకుంటోంది. సన్నగా... ఆగి ఆగి... కానీ కొట్టుకుంటోంది.

ఒకటి... రెండు... పది సెకన్లకి వేళ్లు తీయబోయింది. పట్టు బిగిసింది. తన కుడి చిటికెన వేలు వెనక్కి వంగి, ఎండుపుల్లలా ఫట్‌మంది. ఆవిడ పెట్టిన కేక ఎవరికీ వినపడలేదు.

మళ్లీ లెక్క మొదలెట్టింది. పన్నెండు... పదమూడు... సొమ్మసిల్లి వేళ్లు జారాయి. ఉంగరపు వేలు విరిగింది.

"చూస్తాను..." అని ఏడ్చింది. "చూస్తానమ్మా... నిండా చూస్తాను... వదలను."

పట్టు కాస్త సడలింది. ఆవిడ తలుపుకానుకుని, పక్కనే కూలబడింది. లెక్కపెట్టింది. అరవై. మళ్లీ అరవై. ఎన్ని నిమిషాలో తెలీదు.

అప్పుడు పెద్దగా సైరన్ కూసింది. దూరంగా, పొడుగ్గా.

ఆ కూత ఆగాక లెక్క మళ్లీ ఒకటి దగ్గర్నుంచి మొదలుపెట్టింది. అరవై... నూట ఇరవై... నాడి పలచబడింది. మూడు వందలు. తలుపు మీద ఒక్క దెబ్బ, ఈగ వాలినట్టు. ఐదు వందలు. ఆరువందలు.

వేళ్ల కింద ఇంకేమీ లేదు.

నిండా ఒక నిమిషం చూసింది. లేదు.

గడియ చప్పుడైంది.

*

గైడు ఆ ముగ్గుర్నీ కొండ అంచున కూర్చోబెట్టి ఒక్కతే వెనక్కొచ్చింది. తలుపు తీసి, గడప మీదే కూలబడింది.

"తెల్లారేదాకా తీయకూడదనుకున్నా" అంది, ఆయాసపడుతూ. "ఆ రాత్రి నాకు పన్నెండేళ్లు. మా అమ్మ శవం దగ్గరుంటానని ఏడ్చి, ఈ తలుపు పక్కనే కూర్చున్నా. చప్పుడంతా విన్నా. దెయ్యమని చెప్పాడు కాపలావాడు. నేనూ తీయలేదు డాక్టరమ్మా... నేనూ తీయలేదు."

ఆవిడ విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుంది.

"కొండ అంచుదాకా రెండు చప్పుళ్లు వినపడ్డాయి. ముందు పైన, అది ఆగాక కింద. అప్పుడు పరిగెత్తా." గైడు టార్చి గది నాలుగు మూలలకీ తిప్పింది. ఖాళీ. "రెండూ మీరే కొట్టారా?"

"నాలుగు పది" అంది ఆవిడ.

"ఏంటి?"

"మీ అమ్మ పోయిన టైము. సైరన్ మోగాక పది నిమిషాలు లెక్కపెట్టాను."

గైడు చేతిలోంచి టార్చి జారింది. అమ్మ చప్పుడు ఎప్పుడు ఆగిందో ఆ పన్నెండేళ్ల పిల్ల ఒక్కర్తికే తెలుసు. నాలుగింటి కూత ఆగాక ఇంకా పది నిమిషాలు. ఇన్నేళ్లలో ఆ మాట కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

"ఏ సైరను?" అంది. "ఇక్కడ సైరనెక్కడిది?"

తెల్లవారాక మిగతావాళ్లు దిగొచ్చారు. ఎముకల డాక్టరు ఆవిడ కుడిచెయ్యి వెలుతుర్లోకి తిప్పి చూశాడు. అతని జోకులన్నీ ఎటో పోయాయి.

"తలుపు కొడితే వేళ్లు ఇలా విరగవండీ. ఎవరో పట్టుకుని వెనక్కి వంచారు." మణికట్టు మీద కమిలిన నాలుగు వేళ్ల గుర్తులు చూశాడు. గైడు చేతులు చూశాడు — గోళ్లు పొడుగ్గా ఉన్నాయి. మళ్లీ మణికట్టు చూశాడు. "ఇంత గట్టిగా పట్టుకుంటే గోళ్లు దిగాలి. గుర్తే లేదు... ఎవరిదండీ ఈ చెయ్యి?"

"కాగితం తే" అంది ఆవిడ గైడుతో.

"డాక్టరమ్మా, అది రాస్తే మీ ఉద్యోగం..."

"తెమ్మన్నానా?"

నడకకి వచ్చినవాళ్లు సంతకాలు పెట్టే పుస్తకం తెచ్చింది. ఆవిడ కొత్త పేజీ తిప్పింది. ఎడంచేత్తో, ఒకటో తరగతి పిల్లలా, పేజీ నిండా రాసింది. చనిపోయిన మనిషి ఎవరో, ఎలా పోయిందో. ముందు రాసిన టైము తప్పని, రాసింది తనేనని. నాడి చూసింది పది సెకన్లేనని. కింద సంతకం పెట్టి, ముగ్గురు డాక్టర్ల చేత సాక్షి సంతకాలు పెట్టించింది. పేజీ పైన ఖాళీ వదిలిన చోట చివరగా నింపింది:

మరణించిన సమయం — పద్దెనిమిదేళ్ల కిందటి జూలై ఇరవై, తెల్లవారుజామున నాలుగు గంటల పది నిమిషాలు.