మందకు తెలిసిన గొంతు

టేప్ రికార్డర్ ఆగింది. గుర్వయ్య కోపం ఆగలేదు.

"వంతెన పేల్చే కబురుతో వైర్‌లెస్‌లో పట్టుబడ్డ గొంతు ఇదే. లాకప్‌లో ఉన్న గొర్రెలకాపరి కురుమయ్యది. టేపులోదీ వీడిదీ ఒకే మోటు యాస" అన్నాడు చీఫ్ నవ్వుతూ. "ఆయుధాల స్పెషల్ ట్రెయిన్ రేపు మధ్యాహ్నం ఆలంపూర్ దగ్గర తుంగభద్ర వంతెన దాటుతుంది. ఆ తర్వాత వీణ్ణి మిలిటరీకి అప్పగిస్తాం."

అది 1963. మహబూబ్‌నగర్‌లో గూఢచారి డిపార్ట్‌మెంట్ క్యాంప్. ఏజెంట్ గుర్వయ్యది దేవరకొండ పక్క పల్లె. తన మాట విని నవ్వే ఆఫీసర్ల మధ్య నోరు కట్టేసుకుని, వాళ్ల భాషే మాట్లాడుతూ నెట్టుకొస్తున్నాడు. ఇవాళ ఆ నవ్వు ఒక అమాయకుడి మెడకు చుట్టుకుంది.

లాకప్‌లో కురుమయ్య పెదవులు పగిలి వాచిపోయి ఉన్నాయి. నిజం చెప్పమని లాఠీతో మూతి మీద కొట్టారట. తనను పట్టుకొచ్చిన రోజే మందను ఎవరో తోలుకుపోయారని మాత్రం ముద్దముద్దగా చెప్పగలిగాడు. గుర్వయ్యకు ఒళ్లు మండిపోయింది.

నేరుగా ట్రావెలర్స్ బంగ్లాకు వెళ్లాడు. అక్కడ నల్లకళ్లద్దాల మంజులత ఉంది. విదేశీ ముఠా జీతం తింటూ మనకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ధ్వనిశాస్త్రం చదివిన మనిషి. ముఠా పంపిన ఏజెంట్‌కు పాలమూరు మాట నేర్పింది తనేనని దాచకుండా చెప్పింది.

"లోపలి ఊపిరి గొంతు దాటి బయటికొస్తుంది. నాలుక పళ్లకు తగిలితే ఒక ధ్వని, అంగిలికి తగిలితే ఇంకొకటి, పెదవులు మూసి తెరిస్తే మరొకటి. అన్నీ నేర్పాను. ఊళ్లోవాళ్లు కూడా పట్టుకోలేరు."

ఆ గర్వం చూసి గుర్వయ్య పళ్లు నూరుకున్నాడు. కురుమయ్య మందను తోలుకుపోయింది ఆ ఏజెంటేనని తోచి, గొర్రెలను పిలవడం నేర్పావా అని అడిగాడు.

మంజులత కళ్లద్దాలు తీసింది. "అది ఊపిరి లోపలికి పీల్చి చేసే చప్పుడు. మన ఏ మాటలోనూ రాదు. నేర్పలేదు."

మర్నాడు మధ్యాహ్నం వంతెన కింద మూడు మందలు నీళ్లకు దిగి కలిసిపోయాయి. గొంగళ్లు కప్పుకున్న కాపరులు ముగ్గురు. కాపలా పోలీసులు ముగ్గురితోనూ మాట్లాడి, స్థానికులేనని వదిలేశారు. పిలుద్దామన్నా కురుమయ్య పెదవులు కలవవు. అందుకే గుర్వయ్య అతని భార్య భద్రమ్మను జీపులో తెచ్చాడు.

"మందలు కలిస్తే పిలుస్తం సారూ. ఎవలి గొర్లు వాళ్ల దిక్కొస్తయి" అంది భద్రమ్మ.

దూరాన రైలు కూత వినిపించింది. పిలవమన్నాడు గుర్వయ్య. భద్రమ్మ పెదవులు బిగించి గాలి లోపలికి పీల్చింది, వెంటనే నాలుక ఆడించింది. నీళ్ల దగ్గర తలలు లేచాయి. కురుమయ్య గొర్రెలన్నీ గట్టెక్కి ఆమె వైపు పరుగెత్తాయి.

మంద లేని కాపరి ఒక్కడు మిగిలాడు.

"ఓ అవ్వా, నా గొర్లను యాడికి తోల్కపోతున్నవ్" అని అరిచాడు. మాటలో ఒక్క వంక లేదు. అయినా ఒక్క గొర్రె వెనక్కి చూడలేదు. వాడి చెయ్యి గొంగడి లోపలికి పోయింది. గుర్వయ్య రివాల్వర్ పేలింది. వాడు కూలగానే గుర్వయ్య పరుగెత్తి, గొంగడి కింది బాంబు స్విచ్ నుంచి వైరు పీకేశాడు. ఇంజన్ అప్పటికే వంతెన మీద ఉంది. పెట్టెలన్నీ క్షేమంగా దాటాయి.

సాయంత్రం కురుమయ్యను వదిలేశారు. క్షమించమని ఎవరూ అనలేదు. ఆ పిలుపు ఎలా ఉంటుందో రిపోర్టులో అక్షరాలా రాయమన్నాడు చీఫ్.

గుర్వయ్య మొదటిసారి ఆ ఆఫీసులో తన భాషలోనే మాట్లాడాడు.

"దానికి అక్షరం లేదు సార్. కురుమయ్య మూతి మానినంక వచ్చి మందల నిలబడుండ్రి. మిమ్మల్ని గూడ పిలుస్తడు."